పదిహేడో మెట్టు

ఊళ్ళో సగం మంది కళ్ళు సరిచేసిన మనిషి ఆయన. ఒక్క పుస్తకం మాత్రం నలభై నాలుగేళ్ళపాటు తెరిచి చూడలేదు. ఆ పుస్తకం రాసింది ఆయన సొంత అక్క.

బజారు మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. పిల్లలు కళ్ళజోడు తాత అనేవాళ్ళు. పెద్దవాళ్ళు చాటుగా కుంటి మాస్టారు అనేవాళ్ళు, ఎడమకాలు కాస్త ఈడ్చి నడుస్తాడు కాబట్టి. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. "కుంటి అన్నారు, సరే. మాస్టారెందుకయ్యా? నేనెవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదే" అని నవ్వేసేవాడు. చెయ్యి మాత్రం మంచిది. అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి, చెవి వెనక కొన రవ్వంత వంచి పెట్టాడంటే, ఆ కళ్ళజోడు మొహానికి పుట్టుకతో వచ్చినట్టుండేది.

ఒకనాడు ఎనిమిదేళ్ళ పిల్లని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. కొత్త జోడు పెట్టి, "ఏదీ, దగ్గరవి చదువమ్మా" అన్నాడాయన. ఆ పిల్ల అట్ట మీది అక్షరాల వంక చూడనైనా చూడకుండా, సంచీలోంచి ఒక నలిగిన పుస్తకం తీసి గడగడా చదివేసింది.

"ఆరో మెట్టు మీద ఒక గుండీ ఉండేది. ఎవరి కోటు మీంచో ఊడిపడ్డ గుండీ. నాలుగు కళ్ళున్నాయి కాబట్టి తనే రాజునని దాని నమ్మకం..."

"చాలు, చాలమ్మా. బాగా కనపడుతోంది" అని ఆయన గబుక్కున జోడు తీసేశాడు.

తల్లి నవ్వింది. "దీనికి కంఠతా వచ్చులెండి, కళ్ళు మూసుకున్నా చదువుతుంది. మా అమ్మ నాకు చదివింది, నేను దీనికి చదివాను. ఆ చివరిది వచ్చేసరికి ముగ్గురం ఏడుపే."

"ఏడవక ఏం చేస్తార్లెండి" అన్నాడాయన, జోడు తుడుస్తూ.

ఆ చివరిదేమిటో తనకి తెలుసనుకున్నాడు. నాన్న వస్తాడు. వచ్చి కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని పదిహేడు మెట్లూ ఎక్కుతాడు. అబద్ధమే గానీ కమ్మగా ఉంటుంది, ఏడుపు రాక ఏమవుతుంది? ఎవరు ఆ ముగింపు మాటెత్తినా ఆయన లోపల ఇలాగే అనుకునేవాడు. పైకి మాత్రం ఒక్క ముక్క అనేవాడు కాదు.

ఆ కథ మొదట విన్నది ఆయనే. వినడమేమిటి, అది పుట్టిందే ఆయన కోసం.

అప్పుడాయనకి తొమ్మిదేళ్ళు, అక్కకి పద్దెనిమిది. ఒక లాండ్రీ మీది రెండు గదుల్లో ఉండేవాళ్ళు. తల్లి కింద ఇస్త్రీ చేసేది. అక్కకి అప్పుడే టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది. తండ్రి సరుకు లారీ డ్రైవరు. ఒక రోజు బండి తీసుకుని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆ వెంటనే పిల్లాడి తుంటి ఎముకకి చీము పట్టింది. కోసి, చంక దగ్గర్నుంచి మడమ దాకా పిండికట్టు వేసి, కదలకూడదన్నారు. అలా పదకొండు నెలలు. చూడటానికి పైకప్పు, వినడానికి కింద ఇస్త్రీపెట్టె చప్పుడు, అంతే వాడి లోకం.

గది బయట వీధి దాకా పదిహేడు చెక్క మెట్లుండేవి. అక్క డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడిచీ విడవకముందే మంచం అంచున కూర్చుని ఆ మెట్ల కథ చెప్పేది. ఒక్కో మెట్టూ ఒక్కో దేశం. రెండో మెట్టు మీద చెవిటి చీమ కాపలా, ఎవరే జవాబు చెప్పినా "ఆఁ? ఎవరూ?" అంటుంది. ఆరో మెట్టు మీద గుండీ రాజు. పదకొండో మెట్టుకి చిల్లు ఉండేది నిజంగానే. ఆ చిల్లులో గాలి కాపురముండేది, దానికి ప్రశ్నలు తప్ప మాటలు రావు. పిల్లాడు నవ్వితే కట్టు లోపల దురద పెట్టేది. "నవ్వించకే అక్కా, చస్తున్నా" అనేవాడు. అయినా రేపేమవుతుందో చెప్పనిదే పడుకునేవాడు కాదు.

కట్టు విప్పారు. కాలు పుల్లలా ఉంది. పిల్లాడు దాన్ని నేలకి ఆనించనంటే ఆనించనన్నాడు. నడిపించకపోతే కాలు ఎండిపోతుందని డాక్టరు చెప్పాడు. తల్లి బతిమాలింది, కొట్టింది, తనే ఏడ్చింది. ఆ సాయంత్రం అక్క పదిహేడో మెట్టు కథ చెప్పింది.

"పదిహేడో మెట్టు దిగేసరికి వీధి తలుపు దగ్గర నాన్న నించుని ఉంటాడు. వచ్చినోడు పైకి రాడు. కొడుకు దిగి రావాలని చూస్తుంటాడు. దిగాడా, ఇక భుజాల మీద ఎక్కించుకుని పైకి తెస్తాడు."

పిల్లాడు మర్నాడు పొద్దున్నే గోడ పట్టుకుని లేచాడు.

పదిహేడు మెట్లకి నలభై రోజులు పట్టింది. కింద పడి మోచేతులు చెక్కుకుపోయాయి. ఆఖరి మెట్టు దిగిన రోజు ఆదివారం. తలుపు దగ్గర ఎవరూ లేరు. "మన నాన్నది దూరంరా, ఆలస్యమవుతుంది" అంది అక్క. ఆ మాట పట్టుకుని పిల్లాడు ప్రతి ఆదివారం ఆ మెట్టు మీద కూర్చున్నాడు. ఒక వారమూ రెండు వారాలూ కాదు, రెండేళ్ళు.

పన్నెండో ఏట, తండ్రితో కలిసి బండి నడిపిన క్లీనరొకడు అటుగా పోతూ వాణ్ణి చూసి ఆగాడు. "ఎవరి కోసంరా, మీ నాన్న కోసమా? ఆయనకి వేరే ఊళ్ళో ఇంకో సంసారముంది కదా, ఇద్దరు పిల్లలు కూడానూ. మీ అక్కకి చెప్పాడే, ఎక్స్ఛేంజికి ఫోను చేసి! నేను పక్కనే ఉన్నా. నీకు కట్టు వేసిన కొత్తలో."

పిల్లాడు మెట్లెక్కి వెళ్ళాడు. అక్క తల దువ్వుకుంటోంది.

"నాన్న రాడని నీకు తెలుసా?"

అక్క దువ్వెన ఆపింది. "తెలుసు."

"కథ చెప్పేటప్పుడే తెలుసా?"

"తెలుసురా."

"మరెందుకు చెప్పావ్?"

"నువ్వు నడవాలని."

"నడిచాను కదా" అన్నాడు వాడు. "ఇక నీతో పని లేదు."

పన్నెండేళ్ళ పిల్లాడి మాట, రెండ్రోజుల్లో పోతుందనుకున్నారు. పోలేదు. పదిహేడో ఏట అద్దాలు అరగదీసే పని నేర్చుకుంటానని ఇల్లు వదిలాడు. అదే ఊళ్ళో అటు చివర అక్క, ఇటు చివర తమ్ముడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా". తల్లి పోయినప్పుడు కూడా ఎడమొహం పెడమొహంగానే నిలబడ్డారు.

ఆయనకి ఇరవయ్యేళ్ళప్పుడు అక్క ఆ కథని పుస్తకంగా వేయించింది. పేరు 'పదిహేడు మెట్లు'. ఒక ప్రతి తమ్ముడికి పంపింది. ఆయన కట్టిన దారమైనా విప్పకుండా వెనక్కి పంపేశాడు. నన్ను మోసం చేసిన కథని ఊరందరికీ పంచుతోందా అని ఆయన మంట. పెళ్ళయ్యాక భార్యకీ ఒకటే మాట చెప్పాడు, "ఆ పుస్తకం ఊసు ఈ ఇంట్లో ఎత్తొద్దు." ఎందుకో చెప్పలేదు. అది చెప్పుకోవాలంటే రెండేళ్ళ ఆదివారాల సంగతీ చెప్పుకోవాలి. చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే బరువు. బరువే మేలనుకున్నాడు.

పుస్తకం మాత్రం ఆయన కోసం ఆగలేదు. ఒక తరం చదివి పక్కన పెడితే ఇంకో తరం అందుకుంది. పిల్లలు మెట్లెక్కేటప్పుడు రెండో మెట్టు దగ్గర ఆగి "ఎవరూ?" అని అరవడం ఊళ్ళో అలవాటైపోయింది. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎక్స్ఛేంజి మూసేశాక రోజూ గ్రంథాలయంలో పిల్లల గదిలో కూర్చునేది. పిల్లలకి ఆవిడ మెట్ల అత్తయ్య.

ఆవిడకి డెబ్బై మూడేళ్ళు నిండాక గుండె దెబ్బతింది. కబురొచ్చింది. కళ్ళజోడాయన రెండు రోజులు తటపటాయించి, మూడోరోజు దుకాణం మధ్యాహ్నమే మూసి ఆస్పత్రికి వెళ్ళాడు.

నాలుగు మంచాల గది. కిటికీ పక్క మంచం మీద అక్క. దిండు మీద ఆవిడ మొహం ఇంత చిన్నదెప్పుడయిందో ఆయనకి తెలియలేదు.

"రారా. కూర్చో. కాలెలా ఉంది?"

"నా కాలికేం, అదే ఈడుపు. నువ్వెలా ఉన్నావు?"

"గుండె సగమే పనిచేస్తోందట. మిగతా సగం చెప్పాపెట్టకుండా సెలవు పెట్టింది" అని నవ్వబోయి దగ్గింది.

ఆయన నీళ్ళ గ్లాసు అందించాడు. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి ఎదుటి గోడ మీది పైపుని చూశారు. మాట్లాడుకోడానికి అలవాటు లేదు.

"ఒక్కటడుగుతాను, విసుక్కోకు" అంది అక్క. "పుస్తకం ఎప్పుడైనా చదివావా?"

లేదు అనబోయాడు. ఆవిడ చేతికి గుచ్చిన సూది, దాని చుట్టూ కమిలిన చర్మం కనిపించాయి. ఈ సమయంలో పంతమెందుకు, ఒక్క మాటతో పోయేదేముంది, ఆ సంతోషమేదో ఉండనీ అనుకున్నాడు.

"చదివానక్కా."

ఆవిడ గ్లాసు దించింది. "ఎప్పుడూ?"

"చాలా ఏళ్ళయింది."

"చివరిదాకానా? పదిహేడో మెట్టు కూడానా?"

"ఆఁ. చివరిదాకా. బాగా రాశావు."

ఆవిడ తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు జ్వరముందో లేదో చెయ్యి వేయకుండానే కనిపెట్టేది, అలా చూసింది. తర్వాత చాలా మెల్లగా, "మరి ఇన్నేళ్ళూ ఒక్కసారైనా రాలేదేంరా?" అంది.

ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పుస్తకానికీ రావడానికీ సంబంధమేమిటి? "దుకాణం కదక్కా... తీరిక..." అని నసిగాడు.

"సర్లే" అందావిడ. "చదివావుగా. నేను చెప్పాల్సింది చెప్పేశాను. ఇక నీ ఇష్టం." కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. "వెళ్ళిరా, పొద్దు పోతోంది" అని అటు తిరిగి పడుకుంది.

ఇంటికొచ్చి భార్యతో, "చదివానని చెప్పాను. సంతోషించింది పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది" అన్నాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు.

నాలుగో రోజున ఆవిడ పోయింది.

నెల తిరక్కుండా, ఆ పుస్తకం వేసే ప్రచురణ సంస్థ నుంచి సంపాదకురాలు దుకాణానికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మాట నెమ్మది, పట్టు మాత్రం ఉడుంపట్టు.

"ఏటా పుస్తకం వెలువడిన రోజున గ్రంథాలయంలో పిల్లల్ని కూర్చోబెట్టి అమ్మగారే చివరి అధ్యాయం చదివేవారండీ. ఈసారి మీరు చదవాలి."

"నేనా? నా గొంతు అద్దాల రాయి మీద ఇసకేసినట్టుంటుంది. ఇంకెవరినైనా చూసుకోండి."

"ఆ తమ్ముడు మీరే కదండీ. ఇంకెవరిని చూసుకోమంటారు?"

ఆయన కుదరదన్నాడు. సాయంత్రం భార్య ఆ సంగతి విని, "పోయినావిడ మీద ఇంకా ఏం పంతమండీ? ఒక్క అధ్యాయం. నోరేం అరిగిపోదు" అంది. ఆస్పత్రిలో తడిసిన ఆ కళ్ళు గుర్తొచ్చి ఆయన మెత్తబడ్డాడు. సంపాదకురాలు ముందే చూసుకోమని ఒక ప్రతి పంపించింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి అలాగే ఉంచాడు. నాకు తెలియని కథా, చూసుకోడానికి? వెళ్ళాలి, నాలుగు పేజీలు చదవాలి, రావాలి.

పిల్లల గదిలో పొట్టి బల్లలన్నీ గోడకి జరిపి చాపలు పరిచారు. అరవై మంది దాకా పిల్లలు, వాళ్ళ వెనక నిలబడ్డ తల్లిదండ్రులు, నానమ్మలు. కళ్ళజోడు పిల్ల కూడా ముందు వరసలోనే ఉంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి చాప మీద పడింది. ఆయన తన కోసం తనే అరగదీసుకున్న జోడు పెట్టుకుని, గుర్తు కాగితం ఉన్నచోట పుస్తకం తెరిచాడు. నలభై నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

"పదిహేడో మెట్టు మీద ఎవరూ లేరు" అని మొదలుపెట్టాడు. "చీమ లేదు, గుండీ లేదు, గాలి కూడా లేదు. మెట్టుంది, దాని మీద దుమ్ముంది. పిల్లాడు ఆ దుమ్ములోనే కూర్చున్నాడు. ఎదురుగా వీధి తలుపు. నాన్న వస్తాడని అక్క చెప్పింది."

ఫరవాలేదు, గొంతు పలుకుతోంది. ఇక నాన్న బూట్ల చప్పుడు రావాలి.

"వీధిలో అడుగుల చప్పుడైంది. పిల్లాడు గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. పాలవాడు. మళ్ళీ అడుగుల చప్పుడైంది. మళ్ళీ లేచాడు. ఉత్తరాలాయన. ఇంకోసారి అయింది. ఈసారి పిల్లాడు లేవలేదు, చూశాడంతే. గొడుగేసుకున్న ముసలాయనెవరో. పొద్దు వాలింది. నాన్న రాలేదు."

ఆయన ఆగిపోయాడు.

తప్పు చదివానేమోనని జోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నాన్న రాలేదు. అచ్చులో అలాగే ఉంది. పేజీ తిప్పి చూశాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. గదిలో ఎవరో దగ్గారు.

కళ్ళజోడు పిల్ల ముందుకి వంగి, "తాతా, తర్వాత 'అక్క మెట్లు దిగి వచ్చింది' అనుంటుంది" అని అందించింది. పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆయన వేలు ఆనించి ఆ వాక్యం పట్టుకున్నాడు.

"అక్క మెట్లు దిగి వచ్చింది. కాలు నొప్పి తనదే అయినట్టు ఒక్కో మెట్టూ నెమ్మదిగా దిగింది. తమ్ముడి పక్కన దుమ్ములోనే కూర్చుంది. 'నాన్న రాడు' అంది. 'రాడని నాకు ముందే తెలుసు. నువ్వు నడవాలని అబద్ధం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నాకు ఇంకో దారి తెలియలేదు.' తమ్ముడు మాట్లాడలేదు. 'కోపమొచ్చిందా?' 'వచ్చింది.' 'ఎన్నాళ్ళుంటుంది?' 'తెలీదు.'"

అక్కడ ఆయన గొంతు పూర్తిగా పోయింది. పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. ఇంకో రెండు వాక్యాలే మిగిలాయి పుస్తకంలో. పిల్లలు ఏటా ఆ రెండు వాక్యాలూ మెట్ల అత్తయ్యతో కలిసి చెప్పేవాళ్ళట. తాత తమ కోసం ఆగాడనుకున్నారు. అరవై గొంతులూ ఒక్కసారి లేచాయి.

"'సరే' అంది అక్క. 'అది తగ్గేదాకా నేనిక్కడే కూర్చుంటాను.'"

చప్పట్లు మోగుతున్నాయి. ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. పదిహేడో మెట్టు కూడానా అని అక్క ఎందుకడిగిందో, మరి రాలేదేంరా అని ఎందుకందో ఇప్పుడు తెలిసింది. ఆవిడ తప్పు ఒప్పుకుని, అచ్చు వేయించి, మొదటి ప్రతి తన ఇంటికే పంపింది. తను దారం కూడా విప్పలేదు. విప్పలేదని చెప్పినా బాగుండేది. అంతా చదివానన్నాడు. చదివి కూడా రాలేదన్నమాటే కదా ఆవిడ చెవికి చేరింది.

సంపాదకురాలు ఆయన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడంతా అట్టపెట్టెలు, వాటి నిండా పిల్లల ఉత్తరాలు.

"ముగింపు మార్చమని ఎవరూ అడగలేదా?" అన్నాడాయన.

"అడక్కేం. మా సంస్థ వాళ్ళే మొదటి ఏడాదే అడిగారట. బడుల వాళ్ళు అడిగారు. నాన్నని రప్పించండి, పిల్లలు బెంగపడతారు అని. అమ్మగారు ఒప్పుకోలేదు. నాన్న వచ్చిన పిల్లలు ఎలాగూ బాగానే ఉంటారు, రాని పిల్లలకి ఒక్క పుస్తకమైనా నిజం చెప్పాలి కదా అనేవారు. ఇన్నేళ్ళు ఈ పుస్తకం నిలబడింది దానివల్లేనని నాకనిపిస్తుంది. గుండీకీ చీమకీ నవ్వుతారు గానీ, ఉత్తరాలు రాసేది మాత్రం అందరూ ఆ మెట్టు గురించే."

"రెండో పుస్తకం రాయలేదేం మరి?"

"నేనూ అడిగానండీ ఒకసారి. నాకున్నది ఒక్క తమ్ముడే అన్నారు."

ఇంటికెళ్ళాక ఆయన భార్యకి అంతా చెప్పాడు. ఆదివారాలు, క్లీనరు, దువ్వెన, ఆస్పత్రిలో తనన్న మాట. పెళ్ళైన ముప్పై ఆరేళ్ళకి ఆవిడ ఈ కథ మొత్తం వినడం అదే మొదలు. ఆవిడ కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టేసింది.

"నువ్వు చదివావా ఆ పుస్తకం?" అన్నాడాయన.

"చదివాను. మన పిల్లకి వినిపించాను కూడా. పక్కింటి అరుగు మీద కూర్చుని, మీకు తెలియకుండా."

"నాన్న రాడని నాకెప్పుడూ అనలేదే!"

"మీ కథ మీకు నేను చెప్పాలా? మీరు విన్నది వేరేలా ఉందని నాకేం తెలుసు? ఆ మాటెత్తితేనే మొహం గంటు పెట్టుకునేవారు." ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు చదవలేదని ఆవిడకి తెలిసిపోయే ఉంటుందండీ. చిన్నప్పటినుంచీ పెంచిన మనిషి. మీ అబద్ధం పట్టుకోలేదంటారా?"

"పట్టుకుంటే అలా ఏడవదు."

"పోనీ, పట్టుకుందనే అనుకోండి. మనసు కాస్త తేలికపడుతుంది."

"తేలికే" అన్నాడాయన. "నేను నడవడానికి మా అక్క చెప్పిందీ అలాంటి మాటే. ఇక వద్దు. ఉన్నదున్నట్టు ఉండనీ."

ఆయన భోజనం ముట్టుకోలేదు. ఆవిడా తినలేదు.

ఆ తర్వాత పదిహేడు రోజులూ ఆయన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాడు. గబగబా చదవబుద్ధి కాలేదు, రోజుకి ఒక్క మెట్టు చొప్పున చదివాడు. కొన్నిచోట్ల నవ్వు వచ్చేది, వచ్చినందుకు వెంటనే ఏడుపొచ్చేది. దుకాణంలో అద్దం అరగదీస్తూ పరధ్యానంగా రెండు జోళ్ళు పాడుచేశాడు. ఆయన చేతిలో పని పాడవడం ఎవరూ ఎరగరు.

తర్వాత ఒకరోజు సంపాదకురాలు ఒక కట్ట తెచ్చింది. అక్క మంచాన పడ్డాక వచ్చిన ఉత్తరాలు, ముప్పై ఒకటి. "ఒక్కటీ వదలకుండా జవాబు రాసేవారు. ఇవి మిగిలిపోయాయి. ఏం చెయ్యాలో తోచక..." అంది.

"ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా" అన్నాడాయన.

దుకాణం సెలవు రోజున షట్టరు సగం దించి, గాజుబల్ల మీద జోళ్ళన్నీ ఒకపక్కకి జరిపి కూర్చున్నాడు. చాలా ఉత్తరాలకి జవాబు తేలికే. చీమకి పెళ్ళయిందా అంటే, అయింది గానీ ఆ సంగతి దానికింకా వినపడలేదు అని రాశాడు. పదకొండో మెట్టు చిల్లు ఇప్పుడెవరైనా పూడ్చారా అంటే, ఇల్లే లేదు నాన్నా, కొట్టేసి చాలా కాలమైంది అని రాశాడు. మెట్ల అత్తయ్య ఇక లేదన్న సంగతి ప్రతి ఉత్తరంలోనూ రాయాల్సి వచ్చింది. ఎన్నిసార్లు రాసినా చెయ్యి ఆ మాటకి అలవాటు పడలేదు.

పద్దెనిమిదో ఉత్తరం పదేళ్ళ పిల్ల రాసింది, గీతల కాగితం మీద పెన్సిలుతో. ఒకే ఒక్క ప్రశ్న. "ఆ తమ్ముడి కోపం ఎన్నాళ్ళకి తగ్గింది? మా అక్కతో నేను మాట్లాడటం మానేశాను. అందుకని అడుగుతున్నాను."

ఆయన ఒక పేజీ నిండా రాసి చింపేశాడు. అందులో నీతులెక్కువయ్యాయి. ఇంకోటి మొదలుపెట్టాడు. అందులో తన ఏడుపెక్కువయింది. ఆ పిల్లకెందుకది? లేచి షట్టరు దగ్గరికెళ్ళి, బయట సందులో ఆరేసిన దుప్పట్ల వంక కాసేపు చూసి వచ్చాడు. మూడో కాగితం తీసుకుని ఇలా రాశాడు.

"అమ్మా, ఆ తమ్ముణ్ణి నేనే. నా కోపం తగ్గడానికి యాభై రెండేళ్ళు పట్టింది. తగ్గేసరికి అక్క లేదు. నీ కోపం నిజమైనదే అయ్యుంటుంది, నాదీ నిజమైనదే. కానీ మీ అక్క ఇంట్లోనే ఉంటే ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, వెళ్ళి పక్కన కూర్చో. మాట్లాడకపోయినా ఫరవాలేదు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు."

మిగతాదేమీ రాయలేదు. కింద సంతకం చేసి, మడిచి, కవరు మీద ఆ పిల్ల చిరునామా విడివిడి అక్షరాలతో ఎక్కించాడు. తర్వాతి ఉత్తరం తీశాడు.